మేస్త్రీ అడిగే ఒక్క ప్రశ్న

ఈ కింద రాసిన ప్రతి మాటా నిజం. కృష్ణ నీళ్లు దోసిట్లో పట్టుకుని, తూర్పుకు తిరిగి ప్రమాణం చేసి చెప్తున్నాను. ఈ వాక్యం చదివి నా భార్య నవ్వుతున్నది, ఆమె సంగతి పక్కన పెట్టండి. నేను తోవలో చూసిన పాము ఇంటికి వచ్చేసరికి రెండు మూరలు పెరుగుతుందని, చుట్టాల ముందర ఇంకో మూర సాగుతుందని ఆమె ఫిర్యాదు. ఒప్పుకుంటాను. కానీ ఇది పాము ముచ్చట కాదు, మోకాళ్ల ముచ్చట. దీనికి కాగితాలు ఉన్నాయి. కాగితాలు ఉన్నచోట నేను అబద్ధం ఆడను. ఆడినా జర చూసుకుని ఆడతాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇంకా జిల్లాలు కాని రోజులు. అంతా కలిపి పాలమూరే. మోకాళ్ల నొప్పులకు కొత్తగా తయారైన గోళీ ఒకటి పనిచేస్తుందా లేదా అని మా దిక్కు పరీక్ష పెట్టారు. పేషెంట్లకు అన్నీ చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని, సగం మందికి అసలు గోళీ, సగం మందికి అచ్చం అట్లాగే కనబడే ఉత్త గోళీ ఇచ్చారు. ఎవరి చేతిలో ఏది పడిందో తినేవాళ్లకూ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. ఎముక సంగతి ఎక్స్‌రే చూసుకుంటుంది. మరి బతుకు సంగతి ఎవరు చూడాలి? దానికి నన్ను పెట్టుకున్నారు.

నా పని ఇల్లిల్లూ తిరిగి ఫారం నింపడం. పైన పెద్ద అక్షరాలతో 'జీవన నాణ్యత' అని ఉండేది. మెట్లు ఎక్కడానికి ఎంత ఇబ్బంది పడ్డారు, గంటసేపు కూర్చోవడానికి ఎంత ఇబ్బంది పడ్డారు, ఇట్లా నాలుగు పేజీలు. ప్రతి ప్రశ్న కింద అయిదు గడులు, 'అస్సలు లేదు' నుంచి 'భరించలేనంత' దాకా. అన్నిటికన్నా కింద ఒక పొడుగాటి గీత. దాని ఎడమ కొసకు 'ఇంతకన్నా పాడు బతుకు లేదు' అని, కుడి కొసకు 'ఇంతకన్నా మంచి బతుకు లేదు' అని ఉండేది. ఆ గీత మీద మీరెక్కడున్నారో చిన్న అడ్డగీత పెట్టమని అడగాలి. తర్వాత పట్నంలో లెక్కలు చూసే మేడం స్కేలు పెట్టి దాన్ని కొలుస్తుంది. ఊర్లల్లో నాకు 'బతుకుల సారు' అని పేరు పడింది.

మొదటి నెల ఫారాలు పోయిన వారానికే మేడం దవాఖానకు ఫోన్ చేసి నన్ను పిలిపించింది.

"మీ పేషెంట్లందరూ నాకంటే ఆరోగ్యంగా ఉన్నారండీ. ఒక్కరికీ ఏ ఇబ్బందీ లేదట. మరి వీళ్లని మోకాళ్ల నొప్పుల కింద ఎందుకు చేర్చుకున్నట్టు?"

తప్పు నాదే. మా దిక్కు ఇంటికి వచ్చిన మనిషి ఎట్లున్నరని అడిగితే "మంచిగున్నం" అనాలి. అది జవాబు కాదు. మంచం వాల్చడం, చెంబుతో నీళ్లివ్వడం ఎట్లాంటిదో అదీ అట్లాంటిదే. కాలు విరిగి పడుకున్నవాడు కూడా ముందు "మంచిగున్న" అని, ఆ తర్వాత దుప్పటి తీసి కాలు చూపిస్తాడు. పుట్టినప్పటినుంచి ఈ మాట వింటున్న నేను, చేతిలోకి ఫారం రాగానే పిచ్చోడిలాగా దాన్ని నమ్మి, టిక్కు పెట్టుకుని, దుప్పటి తీయకముందే లేచి వస్తున్నాను.

దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. పోంగనే నా మోకాలు పట్టుకుని మూలగడం. "సైకిల్ మోటర్ దిగస్తలేదు అవ్వా, పానం పోతున్నది" అని అరుగు మీద కూలబడేవాణ్ణి. అంతే, "నీది గూడ ఒక నొప్పేనా? నాది జూడు!" అని మొదలుపెట్టేవాళ్లు. పాన్‌గల్‌లో ఇద్దరు అన్నదమ్ములు ఎవరి నొప్పి పెద్దదనే దాని మీద నా ముందరే తిట్టుకుని, మళ్లీ ఫారానికి నేను పోయేదాకా మాట్లాడుకోలేదు. ఒక్క అబద్ధం పెట్టుబడిగా ఎన్ని నిజాలు వస్తున్నాయో అని నేను మురిసిపోయి మేడంకు చెప్పాను. ఆమె మురిసిపోలేదు.

"ప్రశ్న ఎట్లా అచ్చయి ఉందో అట్లానే చదవాలి. మీ మోకాలి కథ విన్నవాళ్ల జవాబులూ, విననివాళ్ల జవాబులూ ఒకే త్రాసులో ఎట్లా వేయమంటారు?"

మాట సబబే. అప్పటినుంచి మూలగడం మానేశాను. నీళ్లు తాగి, వానల గురించి, బర్రె గురించి మాట్లాడి, ఆ మొదటి 'మంచిగున్న' చల్లారేదాకా కూర్చుని, అప్పుడు ఫారం తీసేవాణ్ణి. ఒక్కొక్క ఇంటికి ఒక పూట పట్టేది.

అయినా మేడంకు నా మీద నమ్మకం కుదరలేదు. దానికి కారణం మేక. పాన్‌గల్ పేషెంటు ఒకాయన రెండు మేకలను భుజాన వేసుకుని ఖిల్లా గుట్ట ఎక్కాడని ఒకసారి ఫోన్‌లో ఊపులో అనేశాను. ఆమె దాన్ని రాసుకుంది. ఆ వింత చూద్దామని పట్నం నుంచి ఒక డాక్టరు వచ్చాడు. చూస్తే ఆ మనిషి గడప దాటడానికే తలుపు పట్టుకుంటున్నాడు. "ఒక్క మేకే అయి ఉండొచ్చు" అన్నాను. ఆ రోజు నుంచి నేను ఏం చెప్పినా ఆమె అడిగేది ఒకటే: "చూశారా, విన్నారా?"

ఫారం కూడా మా మనుషులకు తగినట్టు లేదు. గద్వాలలో ఒక ముసలి నేతగాడు ఉండేవాడు. గుంటమగ్గం మీద పనిచేసి చేసి మోకాళ్లు అరిగిపోయినవాడు. "గంటసేపు కూసుంటే ఇబ్బంది ఉన్నదా తాతా?" అని చదివాను.

"గుంటల దిగి కాళ్లు ఏలాడేసి కూసుంటే రాజులెక్క ఉంట సార్. పైకి లేసేటప్పుడు గదా పానం పోయేది. గుంటల నుంచి లేసుడు నీ కాయిదంల యాడుంది?"

ఎక్కడా లేదు. మెట్ల గురించి రెండు ప్రశ్నలున్నాయి, మెట్లున్న ఇల్లు నా పేషెంట్లలో ఒక్కరికీ లేదు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. కోడేరు దగ్గరి ఒక ఊర్లో ఒక అక్క ఉండేది. నలభై అయిదు దాటిన మనిషి. బక్క పానం, పెద్ద గొంతు. మొదటిసారి పోయినప్పుడు నీళ్లు ఇచ్చి, నేను ఫారం తీసేలోపల నా చేతిలోంచి పెన్ను గుంజుకుంది.

"ఈ నాలుగు కాయిదాలు అవతల పెట్టు సారూ. ఒక్క మాట జెప్పు. ఈ గోళీలు తింటే దసరా నాటికి నేను కూసోని లేస్తనా?"

"అదేంది అక్కా?"

అదేందో ఆమె చెప్పింది. దసరా పోయినంక గుంపు మేస్త్రీ ఊర్లోకి లారీ తెస్తాడు. పుణె దిక్కు కాలువ పనులకు, కట్ట పనులకు మనుషులను తీసుకుపోతాడు. ఆయనకు జంటలు కావాలి. మొగాయన తవ్వి తట్ట నింపుతాడు, ఆడామె మోస్తుంది. వయసు మళ్లిన ఆడవాళ్లు లారీ ఎక్కేముందు ఆయనొక పరీక్ష పెడతాడు. నేలమీద చెయ్యి పెట్టకుండా, ఏదీ పట్టుకోకుండా, గొంతుక్కూసోని లేవాలి. అంతే. నాలుగు పేజీలు లేవు, గడులు లేవు. కిందటేడు ఆమె సగం లేచి నేలమీద చెయ్యి పెట్టింది. మేస్త్రీ పక్కకు చూశాడట. లారీ ఆమెను వదిలిపెట్టి పోయింది. భర్తకు జంటగా, ఆయనకు అక్క వరసయ్యే ఒకామెను ఎక్కించారు.

"నా మొగడు ఇప్పుడు ఇంకోదాని తట్టల మట్టి వోస్తుండు సారూ. నా తట్ట నెత్తి ఇరిగేటట్టు నింపెటోడు. దానికి సగమే వోస్తుండంట, పాపం బరువైతదని!"

మూలకు కూర్చున్న అత్త అందుకుంది. ఆమెకు కళ్లు సరిగా కనబడవు గానీ చెవులు రెండిళ్ల అవతలి మాట కూడా పట్టుకుంటాయి. "నీకు జలన్, కడుపుమంట గాకపోతే ఏంది? నా కొడుకు దాన్ని అక్కా అని పిలుస్తడు."

"పిలుస్తడు. అక్కా అక్కా అనుకుంటనే సగం వోస్తుండు!"

ముసలామె పళ్లు లేని నోటితో నవ్వింది. ఈమె మాత్రం నవ్వలేదు. పెన్ను పట్టుకుని ఆ కింది గీతను అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చూసి, ఎడమ కొసకు అంగుళం కూడా దూరం లేకుండా అడ్డగీత పెట్టింది. పెట్టి, కుడి కొస మీద వేలుతో కొట్టి చూపించింది. "నేను ఈడున్న. లారీ ఆడ నిలవడ్డది."

మళ్లీ ఫారం వానాకాలంలో. నేను పోయేసరికి ఆమె గుంజ పక్కన నిలబడి ఉంది. "సూడు సారూ" అని కూర్చుని, ఒక్క చేత్తో గుంజ పట్టుకుని లేచింది. అడ్డగీత గీత నడిమికి వచ్చింది. నేను సంబరపడుతూ ఉంటే ఆమెకే అనుమానం వచ్చింది. "ఇది గోళీ మహిమనా, లేకుంటే నేను దినాం తీస్తున్న బస్కీల మహిమనా?" బర్రె దగ్గర, పొయ్యి దగ్గర, ఎక్కడ గుంజ దొరికితే అక్కడ ఆమె బస్కీలు తీస్తున్నదట. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

మూడో ఫారానికి పోయేసరికి దసరా వెళ్లిపోయింది. అరుగు మీద ముసలామె ఒక్కతే ఉన్నది.

"కోడలు యాడ అవ్వా?"

"పోయింది."

"యాడికి?"

"లారీ యాడికి వోతే ఆడికి."

నేను గబగబా ఫారం తీశాను. "అంటే లేసిందన్నట్టు! చెయ్యి పెట్టకుంటనే లేసిందా? నొప్పి తగ్గిందా?"

"నాకు కండ్లు గానస్తయా కొడుకా? లారీ సప్పుడు ఇన్న. అది పోయింది."

"గోళీల డబ్బ?"

"ఎంట కొంటవోయింది."

ఆ వారం నేను ఎక్కడికి పోయినా తాళాలే. కోడేరు దిక్కున, బల్మూర్ దిక్కున, పాన్‌గల్ దిక్కున. కూలికి పోయే ఇళ్లన్నీ ఖాళీ, నా ఫారాలన్నీ ఖాళీ. ఆ ఖాళీలు చూడడానికి మేడం స్వయంగా వనపర్తికి వచ్చింది. అద్దె గదిలో బల్ల మీద ఫారాలు పరిచింది. పరీక్ష మొదలుకాకముందే రాసిపెట్టుకున్న నియమం ఒకటి ఉందని చెప్పింది. ఫారానికి దొరకనివాళ్లను నొప్పి తగ్గనివాళ్ల కింద కట్టాలి.

"మందు పనిచేయకపోతేనే కదా విసిగి మానేస్తారు. అంతటా అంతే."

"మా దిక్కు ఉల్టా మేడం. కాళ్లు రానోళ్లు ఇంట్ల ఉంటరు. కాళ్లొచ్చినోళ్లు లారీ ఎక్కుతరు. మీరు మంచిగైనోళ్లందర్నీ ఏరి పాడు ఖాతాల ఏస్తున్నరు."

అంటే అక్క కూర్చుని లేచింది కూడా లేవనట్టే రాస్తారన్నమాట. అట్లాంటివాళ్లందరినీ కలిపితే, మట్టి మోసే మనుషులకు ఈ గోళీ దండగ అని తేలుతుంది. నేను నిజం చెప్తున్నాను, నా జన్మలో అంత గట్టిగా నిజం ఎప్పుడూ చెప్పలేదు. మేడం కళ్లద్దాలు తీసి నా దిక్కు చూసింది.

"చూశారా, విన్నారా?"

రెండు మేకలూ నా భుజాల మీద కూర్చున్నట్టయింది.

చివరికి ఆమే అన్నది, "వాళ్లు మళ్లీ ఎప్పుడు వస్తారు?"

"పీర్ల పండుగకొస్తరు మేడం. ఎంత దూరంల ఉన్నా వస్తరు."

"అయితే వెళ్లండి. గడువు దాటినా ఆ ఫారం తీసుకురండి. విడిగా పెడతాను."

పోయాను. ఆ ఏడు పీర్ల పండుగ ఎండలు మొదలయ్యేటప్పుడు వచ్చింది. పీర్లను వాగుకు తీసుకుపోయే ఆఖరు రోజు, మధ్యాహ్నం. డప్పులు మోగుతున్నాయి. ఊరంతా నిప్పుల గుండం చుట్టూ ఆడుతున్నది, ఆ ఆటలో అక్క ఉన్నది. ఎండకు నల్లబడింది, కొత్త చీర కట్టింది. నన్ను చూసి, "ఓ బతుకుల సారూ!" అని అరిచి, అందరి నడుమ గొంతుక్కూర్చుని, రెండు చేతులు గాల్లో పెట్టి లేచింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. పన్నెండుసార్లు. పక్కన ఆమె భర్త సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు. "మస్తు నింపుతుండా తట్ట?" అన్నాను. "నెత్తి ఇరుగుతుంది సారూ!" అన్నది సంతోషంగా. ఫారం అడిగి తీసుకుని, పెన్ను పట్టుకుని, కుడి కొసన, లారీ నిలబడ్డ చోట అడ్డగీత పెట్టింది. ఆ ఫారం చూసి మేడం నియమం మార్చేసింది.

ఇక్కడ ఆగాలి. నా భార్య ఇది చదువుతూ పన్నెండుసార్లు దగ్గర వేలు పెట్టి, "ఇది పాము" అన్నది.

పామే. పండుగకు పోయిన మాట నిజం. డప్పులు నిజం, గుండం నిజం, ఎండ నిజం. అక్క మాత్రం రాలేదు. ఆ గుంపు పనిలో ఉండి ఆ ఏడు ఎవరూ రాలేదు. అరుగు మీద ముసలామె డప్పుల దిక్కు చెవి పెట్టి కూర్చుని ఉంది. "మంచిగున్నవా అవ్వా?" అంటే "మంచిగున్న కొడుకా" అన్నది. నేను తిరిగి వచ్చి కోడేరు బస్టాండులో చాయ్ చెప్పి, ఫారం ఒళ్లో పెట్టుకుని నింపడం మొదలుపెట్టాను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. కూర్చోవడం, లేవడం, నడవడం, మోయడం, అన్నిటికీ 'అస్సలు లేదు'. చేయి తిరిగిన పని, ఎక్కడా తడబడలేదు. నాలుగు పేజీలు దాటి గీత దగ్గరికి వచ్చాను.

గీత దగ్గర పెన్ను ఆగింది. కుడి కొసన పెడదామంటే, అక్కడ నిలబడ్డది లారీ అని ఆమె చెప్పింది గానీ, లారీ ఎక్కినాక బతుకు ఎక్కడుంటుందో చెప్పలేదు. చెయ్యి పెట్టకుండా లేచి ఎక్కిందో, లేక ఆ ఏడు మనుషులు తక్కువై మేస్త్రీ చూసీచూడనట్టు ఎక్కించుకున్నాడో నాకు తెలియదు. గోళీల డబ్బా వెంట తీసుకుపోయింది. తగ్గింది కాబట్టి తీసుకుపోయిందా, తగ్గలేదు కాబట్టా? కాళ్లొచ్చినోళ్లే లారీ ఎక్కుతరని మేడంతో అంత గట్టిగా అన్నానే, కాళ్లు రాకున్నా ఎక్కేవాళ్లు నాకు తెలియనివాళ్లా? ఆమె కోసం ఒక మంచి బతుకు అల్లి పెట్టడం నాకు చాయ్ తాగినంత సులువు. కానీ అది నా గీత అవుతుంది.

ఆ ఫారం చింపేశాను. ఇంకో ఫారం తీసి అన్ని గడులూ ఖాళీగా వదిలి, పక్కన జాగా ఉంటే 'పనికి పోయింది' అని మాత్రం రాసి వనపర్తికి తీసుకుపోయాను.

మేడం చూసింది. "నొప్పి తగ్గి పోయిందా, తగ్గకుండానే పోయిందా?"

"తెల్వదు మేడం."

ఆమె తల ఎత్తింది. ఆ మాట నా నోట్లోంచి అంతకు ముందు వినలేదనుకుంటాను. చూశారా విన్నారా అని అడగలేదు. ఖాళీ ఫారాలన్నీ ఒక కట్ట కట్టి, ఒక్కొక్క ఇంటికి మళ్లీ మనిషిని పంపి, ఎందుకు లేరో మాత్రం రాయించింది. ఆ తర్వాత లెక్క రెండు తీర్లుగా కట్టింది. పోయినవాళ్లందరూ బాగయ్యే పోయారనుకుని ఒకటి, ఒక్కరూ బాగుకాలేదనుకుని ఒకటి. మొదటి లెక్కలో గోళీ మంచిది, రెండో లెక్కలో ఉత్త గోళీకి దానికి పెద్ద తేడా లేదు. రెండూ పక్కపక్కనే రాసి, నడుమ ఎక్కడో నిజం ఉందని, ఎక్కడో తెలియదని రాసి పంపింది. ఆమె నియమం మార్చలేదు, దాని పక్కన ఇంకొక లెక్కకు జాగా ఇచ్చింది. ఆ గోళీ తర్వాత ఏమయిందో నాదాకా రాలేదు. అక్కను నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఆమె అప్పటి వయసు నాకు వచ్చింది. పొద్దున లేవగానే, ఎవరూ చూడకుండా, వెనక వాకిట్లో మేస్త్రీ పరీక్ష నాకు నేనే పెట్టుకుంటాను. గొంతుక్కూర్చుంటాను. చేతులు గాల్లో పెట్టి సగం దాకా లేస్తాను. అక్కడ తలుపు చెక్క పట్టుకుంటాను. వంటింట్లోంచి నా భార్య "మోకాళ్లెట్లున్నయ్?" అని అడుగుతుంది.

"మంచిగున్నయ్" అంటాను.